నడుమ దాటినంక అరడుగు

నేను బురదగుంతల వడ్డ కథ ఇది. నేనొక్కన్నే పడితే ఇంత కాగితం ఖరాబు చేసేటోన్ని కాదు. లేచి, తుడుచుకొని, ఎవ్వరు చూడలేదని మనసుకు చెప్పుకొని ఇంటికి పోయేటోన్ని. కానీ నాతోని మా కాలేజీ ఆటల సారు వడ్డడు, ఒక చెక్క పలక వడ్డది, మా సివిల్ డిపార్టుమెంటు పరువు వడ్డది. ఇవన్నీ వరుసగ పడుతుంటే మూడో సంవత్సరం పిల్లలందరు గట్టు మీద నిలవడి ఫోన్లల్ల పట్టిండ్రు. ఆ వీడియో ఇప్పటికీ ఎవరిదో ఒకరి పుట్టినరోజుకు వాట్సాప్‌ల తేలుతనే ఉంటది. చూసినోళ్లంత నవ్విండ్రు గని, ఈ మనిషి పలక ఎందుకు ఎక్కిండని ఒక్కరు అడుగలే. అదే నయమైంది. పడ్డ సంగతి కంటె ఎక్కిన సంగతే ఎక్కువ సిగ్గు.

ముందుగాల నా పుట్టుపూర్వం చెప్పాలె. మాది దేవరకొండ. బాపుది ఇనుప సామాను దుకాణం, పెద్దనాయినది కిరాణం, మేనమామది బట్టల దుకాణం. తొట్టెల ఊగేటప్పుడు జోలపాట కంటె బేరమే ఎక్కువ విన్న. మా ఇంట్ల ఎవరు ఏ మాట అన్నా అది మొదటి ధరనే, ఆఖరి మాట కాదు. పెద్దగైనంక గూడ ఈ రోగం పోలే. దవాఖానల డాక్టరు వారం దినాల గోలీలు రాస్తే, జర తక్కువ దినాలకు చెయ్యరాదా సార్ అని అడిగిన. నా పెండ్లికి పంతులు తెల్లారగట్ల ముహూర్తం పెడితే పొద్దెక్కేదాంక గుంజుకొచ్చిన. మూడు ముళ్లు వేసేటప్పుడు గూడ రెండు చాలవా అన్నట్టు మొఖం పెట్టిన్నని మా ఆవిడ ఇప్పటికీ అంటది. నేను ఒప్పుకోను. అంత గట్టిగ కాదనను గూడ.

అసుంటి నేను ఎట్లనో ఇంజనీరింగు చదివి, దాని మీద ఇంకో చదువు చదివి, రాష్ట్రం వచ్చిన కొత్తల నార్కట్‌పల్లి అవతల హైవే మీదున్న ఒక ప్రైవేటు కాలేజీల సారునైన. దూలాలు, వాటి మీద పడే బరువులు నా సబ్జెక్టు. పిల్లలు నాకు సేటు సారు అని పేరు పెట్టిండ్రు. ఆ పేరు నా పాఠానికి రాలే, నా మార్కులకు వచ్చింది. ఇంటర్నల్ పరీక్ష పేపర్లు ఇచ్చిననాడు నా గది అంగడి లెక్క ఉంటుండె. పిల్లగాడొచ్చి నాలుగు మార్కులు అడుగుతడు. నేను ఒకటంట. వాడు తల గోక్కొని, ఇంట్ల అవ్వకు పానం బాగలేదంటడు. నేను పేపరు అటు తిప్పి ఇటు తిప్పి, నీ మొఖం చూసి ఇస్తున్నరా అని రెండు వేస్త. వాడు ఖుష్, నేను ఖుష్. జవాబు ఒప్పా తప్పా అనే ముచ్చట మాత్రం మా ఇద్దరి నడుమకు ఎన్నడు రాకుండె.

ఇగ ఆ లెక్క. భయపడకుండ్రి, ఒక్క పేరాల ఒడిసిపోతది. రెండు గట్ల మీద ఒక దూలం పెట్టిండ్రనుకోండ్రి. దాని మీద నుంచి బండి పోతాంది. బండి జరిగిన కొద్ది దూలాన్ని వంచే జోరు మారుకుంట పోతది. ఆ జోరునే మేము బెండింగ్ మూమెంటు అంటం. బండి ఏ జాగకు వచ్చినప్పుడు అది అన్నిటికంటె ఎక్కువైతది? అది తెలిస్తేనే దూలం ఎంత గట్టిది ఉండాల్నో తెలుస్తది. ఒక్కటే చక్రమైతే ఫికరు లేదు, అది నట్టనడుమకు వచ్చినప్పుడు. చక్రాలు రెండుండి, ముందుది బరువుగ, వెనుకది తేలికగ ఉంటే? బరువు చక్రాన్ని నట్టనడుమ పెట్టు, అయిపాయె అని నేను చదువుకునే రోజులల్ల ఒక సీనియరు చెప్పిండు. నేనదే నమ్మిన, అదే పరీక్షల రాసిన, అదే పిల్లలకు చెప్పిన. కూసొని ఒక్కపాలి చేసి చూడలే. కందిపప్పు కొంటే గింజ కొరికి చూసేటోన్ని, నా సొంత సబ్జెక్టును మాత్రం మూట ఇప్పకుండనే కొన్న.

రెండో ఇంటర్నల్‌ల ఆ లెక్కనే ఇచ్చిన. క్లాసు క్లాసంత నేను చెప్పినట్టే బరువు చక్రాన్ని నడుమ పెట్టిండ్రు. ఒక్క పిల్ల మాత్రం నడుమ దాటించి జర అవతల పెట్టింది. పేరు నస్రీన్. నల్లగొండ నుంచి రోజు బస్సుల వచ్చేది. ముందటి బెంచీల కూసునేది, ఎక్కువ మాట్లాడకపోయేది. బొమ్మ చూడంగనే ఎర్ర పెన్నుతోని అడ్డంగ గీత గీసి సున్నా పెట్టిన. బొమ్మ కింద ఆ పిల్ల రెండు పేజీలు రాసింది. చదవలే. ఇది రాస్తుంటే చెవులు ఇప్పటికీ వేడైతున్నయి.

పేపర్లు ఇచ్చిననాడు గుంపంత పోయినంక వచ్చింది.

"సార్, గీ లెక్కకు సున్నా ఎందుకు పెట్టిండ్రు?"

"బరువు చక్రం నడుమ పెట్టలే గదమ్మా."

"నడుమ పెడితే జర తక్కువొస్తుంది సార్. రెండు తీర్ల చేసి చూపెట్టిన."

నా కంటికి అది జవాబు లెక్క కనవడలే, మొదటి ధర లెక్క కనవడ్డది. మంచిగ అడిగింది, మర్యాదగ నిలవడ్డది, ఇసుంటి గిరాకీని ఉత్త చేతులతోని పంపొద్దు అనుకున్న. "సరే తియ్, సగం ఇస్త. తీస్కపో" అన్న.

"సగం ఎందుకు సార్? ఒప్పైతే మొత్తం ఇయ్యండి. తప్పైతే సున్నానే ఉంచండి."

నా వంశంల ఇంత ఘోరమైన మాట ఎవ్వరు విని ఉండరు. నాకేమనిపించింది చెప్పాల్నా? అబ్బ, ఎంత గట్టి బేరగత్తె అనిపించింది. దుకాణంల ఆడోళ్లు చీర మడత పక్కకు నూకి లేచిపోతరు సూడుండ్రి, మెట్లు దిగేలోపు పిలుస్తరని తెలిసి? ఇది గదే అనుకున్న. పిలువద్దని బిగవట్టి కూసున్న. వరండా చివరికి పోయినంకనైనా తిరిగి చూస్తదని మెడ సాచిన. తిరుగలే. బస్సెక్కి పోయింది.

మరునాడు వాళ్లమ్మ వచ్చింది. పేరు మహబూబ్ బీ. నల్లగొండల గాజుల బండి పెట్టుకుంటది. ఆమె కుర్చీల కూసున్న తీరు చూస్తెనే నాకు మా జాతి మనిషి అని సమజైంది. మొదలు నా ఆరోగ్యం అడిగింది, తర్వాత పిల్లల సంగతి అడిగింది, ఆఖరికి అసలు మాట తీసింది. మొదటి ఇంటర్నల్ నాటికి బిడ్డకు టైఫాయిడ్ వచ్చి దవాఖానల పడి ఉన్నదట. ఆ పరీక్ష పోయింది. ఇప్పుడు ఈ ఒక్క లెక్క దగ్గర పాసు గీత ఆగింది. గీత దాటకపోతే ఏడాదంత మళ్ల చదవాలె. ఏడాది ఆగితే సర్కారు కట్టే ఫీజు బంద్. ఫీజు బంద్ అయితే చదువే బంద్.

"దీని చదువు ఎప్పుడు బంద్ అయితదా అని వాళ్ల మామలు చూస్తుండ్రు సార్" అన్నది మహబూబ్ బీ. "గాజుల బండి నాకొక్కదానికి చాలు. దానికొద్దు."

అప్పుడన్నా ఆ పేపరు తీసి చదవాలె గద. చదవలే. సగానికి దిగుమని నేను, ముప్పావుకు ఎక్కుమని ఆమె, మేమిద్దరం ఎంత ముద్దుగ బేరమాడుకున్నమంటే పక్క టేబులు సార్లు చాయ చల్లగైనా తాగకుండ చూసిండ్రు. సగానికే తెగింది. సగం వస్తే పిల్ల గీత మీద నిలవడుతది. మహబూబ్ బీ సంచిల నుంచి గాజుల డబ్బా తీసి మీ ఇంట్ల మేడమ్‌కు అని టేబులు మీద పెట్టింది. నేను వద్దనలే. ఈ వాక్యాన్ని తీసేద్దామని నాలుగుమాట్ల అనుకున్న. ఉండనియ్యి.

తలుపు దగ్గర నిలవడ్డ నస్రీన్ అప్పుడు లోపలికొచ్చింది. "అమ్మీ, నాకు సగం వద్దు. నేను సారు మాట వింటే మొత్తం మార్కులు వచ్చేటియి. వద్దనుకునే చేసిన."

తల్లి మొఖంల భయం చూసిన. పిల్ల మొఖంల గూడ ఉండె, కానీ దాచుకుంది. నాకు మాత్రం కోపమొచ్చింది. తెగిన బేరాన్ని ఇరుగ్గొట్టిందని.

ముచ్చట మా హెచ్ఓడీ శారద మేడం దాంక పోయింది. ఆమె ఇద్దరి మాట విని, శనివారం మార్కులు పైకి, యూనివర్సిటీకి పోతయి, అంతలోపు కూసొని లెక్క చేసి ఎవరిది ఒప్పో చెప్పుండ్రి అన్నది నాతోని. ఎంత న్యాయమైన మాట. ఒక తెల్లకాయితం, ఒక పెన్ను, ఒక చాయ, అంతే పని. కానీ కాయితం ముంగట పెట్టుకుంటె చెయ్యి కదులలే. నిజం చెప్పాలంటె, ఏమొస్తదో అని భయమైంది. అందుకని కాయితం మడతపెట్టి, లెక్క కాదు మేడం, పిల్లలందరి ముంగట చేసి చూపిస్త అన్న. మనకు భయమైనప్పుడు దుకాణం లైట్లన్నీ వేస్తం సూడుండ్రి, అట్ల.

కాలేజీ వెనుక నీళ్ల పైపుల కోసం పెద్ద కాలువ తవ్వి పెట్టిండ్రు. వాన పడి నడుముల లోతు బురద నిండింది. అక్కడనే సెంట్రింగు పలకలు ఉండె. మందం పలక అడిగితే కాంట్రాక్టరు మనిషి సంతకం పెట్టుమన్నడు. సంతకం లేకుండ ఏమొస్తదన్న. సన్నది వస్తదన్నడు. సన్నదే పట్టుకొచ్చిన. కాలువ మీద అడ్డంగ వేసి, నట్టనడుమ సుద్దముక్కతోని గీత గీసిన.

ఇగ బండి కావాలె. బరువు చక్రంగ మా ఆటల సారు యాదగిరిని ఒప్పించిన. ఆయన ఒకప్పుడు కబడ్డీ ఆడిండు, తర్వాత ఆట ఆపిండు గని తిండి ఆపలే. తేలిక చక్రం నేను. మా నడుమ ఎడం మారకుండ ఒక వెదురు కట్టె చెరొక కొస పట్టుకోవాలె. ముందు ఆయన, వెనుక నేను. కట్టెకు కట్టిన రెండెడ్ల లెక్క మేమిద్దరం పలక ఎక్కుతుంటె పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు. నేను చెయ్యెత్తి దండం గూడ పెట్టిన.

గట్టు మీద నుంచి నస్రీన్ మెల్లగ అన్నది. "సార్, నడుమ దాటినంక జర పైలం."

"నడుమ దాటితే గండం దాటినట్టే అమ్మా" అన్న నేను.

అడుగులో అడుగు వేసుకుంట పోయినం. పలక కిర్రుమన్నది. యాదగిరి సారు గీత మీదికొచ్చిండు. పలక వంగి వంగి, కింద నీళ్లను ముద్దు పెట్టుకుంటదా అన్నంత దిగింది. ఇరుగలే. నాకు పట్టరాని సంతోషమైంది. అక్కడనే ఆగిన. ఆగినోన్ని ఊకున్ననా? పలక మీద నిలవడి పాఠం మొదలువెట్టిన. ఇదే బండికి గడ్డుజాగ అని, దీనికి మించిన వంపు లేదని, ఇంక ముందుకు పోతే తగ్గుడే గని పెరుగుడు లేదని, కొందరు పిల్లలు తెలిసీ తెలువక చక్రాన్ని అవతలికి జరుపుతరని.

"సేటూ, గీ ఉపన్యాసం గట్టు మీద ఇచ్చుకోరాదు" అన్నడు యాదగిరి సారు పండ్ల సందుల నుంచి. "నా కాళ్ల కింద పలక కిర్రుమంటాంది."

"ఇగ భయం లేదన్నా. ముందుకు నడువు" అన్న.

అరడుగు వేసిండు. అంతే. ఆయన కాలు ఎక్కడ వడ్డదో అక్కడనే, ఆయన కింద, పలక ఫట్టున ఇరిగింది. యాదగిరి సారు దిగిన తీరు ఎట్లుండెనంటె, కాలువల నీళ్లు పిల్లల మీదికొచ్చినయి, ఆ ఖాళీల నేను పోయి వడ్డ. కట్టె మాత్రం ఇద్దరం ఇడువలే. బురదల మునిగి లేచేటప్పటికి గూడ ఆయన ఒక కొస, నేనొక కొస. ఎడం పైసంత మారలే. మా ప్రయోగంల సరిగ్గ జరిగిన పని అదొక్కటే.

గట్టు మీద నవ్వు. ఆ నవ్వుల నస్రీన్ నవ్వు లేదు. ఆ పిల్ల చున్నీ ఇప్పి ఒక కొస యాదగిరి సారుకు అందించింది, పట్టుకొమ్మని. ఆయనను చున్నీతోని గుంజితే కాలేజీ బిల్డింగు గూడ వస్తదని పిల్లలు ఆపి, తాడు తెచ్చిండ్రు.

నాకు తొడుక్కోను యాదగిరి సారు ఇంకో జత ట్రాక్‌సూటే దొరికింది. దాంట్లె నాలాంటోళ్లు ఇద్దరు పట్టేటోళ్లు. ఒక చేత్తో నడుము పట్టుకొని, ఇంకో చేత్తో గోడ పట్టుకొని శారద మేడం గదికి పోయిన. పోయి ఏం జేసిననుకున్నరు? బేరం. పలక సన్నది మేడం, మేము చానసేపు నిలవడ్డం మేడం, దాని వల్లనే ఇరిగింది గని లెక్క వల్ల కాదు అన్న.

"కావచ్చు" అన్నదామె. "పలక ఇరుగుడు సాక్ష్యం కాదు. మీ ఉపన్యాసానికి ఇనుప గర్డరైనా ఇరుగుతది. లెక్క ఏదీ?"

నస్రీన్‌ను పిలిచి బోర్డు ముంగట నిలవెట్టింది. ఆ పిల్ల సుద్దముక్క తీసుకొని మొదలు నా తీరుగ చేసింది, బరువు చక్రం నడుమ పెట్టి. తర్వాత తన తీరుగ. బండి బరువంత ఒక్కతాన వడ్డట్టు లెక్కగడితే దానికొక జాగ ఉంటది, అది రెండు చక్రాల నడుమ, బరువు చక్రానికి దగ్గరగ. ఆ జాగకు, బరువు చక్రానికి నడుమ ఉన్న ఎడాన్ని సగం చెయ్యాలె. దూలం నడిమిగీత సరిగ్గ ఆ సగం మీద పడాలె. అంటే చక్రం అటు సగం దాటుతది, మొత్తం బరువు ఇటు సగం ఆగుతది. ఆ జాగల వంచే జోరు అన్నిటికంటె ఎక్కువ.

బోర్డు మీద రెండు జవాబులు పక్కపక్కన ఉన్నయి. ఆ పిల్లది ఎక్కువ. నాది తక్కువ.

నేను చూసుకుంట నిలవడ్డ. ఇది నా లెక్కనే గద. నీ మాట కాదు, నా మాట కాదు, నడుమ తెంపుదాం అని మా బాపు పొద్దున దుకాణం తెరిచినకాడికెంచి మూసేదాంక చేసే పని ఇదే గద. లోకంల ఇంత మంది ఇంజనీర్లుండంగ, సగం దగ్గర తెగే ఈ ఒక్క లెక్క నా అసుంటోనికే మొదలు తట్టాలె. నేను మార్కులను సగం చేసిన, పిల్ల కష్టాన్ని సగం చేసిన, చెయ్యాల్సిన ఎడాన్ని మాత్రం సగం చెయ్యలే.

అయినా నోరు ఊకుంటదా. "తేడా చానా చిన్నది గద" అన్న, నడుము పట్టుకొని.

"చిన్నదే సార్" అన్నది నస్రీన్. "కానీ ఎక్కువ అటే ఉంది."

శారద మేడం కిటికీ దిక్కు తిరిగింది. తిట్టి ఉంటే దాంట్లె గూడ నేను కొంత తగ్గించుకునేటోన్ని.

సాయంత్రం నల్లగొండ పోయి గాజుల బండి ముంగట నిలవడ్డ. బిడ్డదే ఒప్పు, మొత్తం మార్కులు వేస్తున్న, మీ గాజులు మీరు తీసుకోండి అని డబ్బా ముంగట పెట్టిన. మహబూబ్ బీ బండి గుంజకు ఒరిగి చానసేపు కండ్లు తుడుచుకుంది. నాకు యాడ చూడాల్నో తెలువలే, గాజులనే చూసిన. నేను గాజులు చూస్తున్ననని ఆమెకు కనవడ్డది. మేడమ్‌కు సైజు చాలలేదా సార్ అని పెద్ద సైజు డబ్బా ఇంకోటి తీసి చేతుల పెట్టింది. కాదమ్మా, వాపసు ఇయ్యనీకి వచ్చిన అంటే వినలే. ఒక డబ్బా ఇచ్చొద్దామని పోయి రెండు డబ్బాలతోని ఇల్లు చేరిన మొదటి మనిషిని నేనే. రెంటికీ ఆమె ఎంత ధర చెప్పిందో అంతా ఇచ్చిన, బేరానికి నోరు ఇప్పకుండ. ఒంట్ల బాగలేదా సార్ అని అడిగిందామె, నిజంగనే కంగారువడి.

శుక్రవారం క్లాసుల నిలవడి, నేను చెప్పింది తప్పు, మీరు రాసింది తప్పు, నస్రీన్ రాసింది ఒప్పు అని చెప్పిన. నా మాట విని తప్పు రాసినోళ్లకు వేసిన మార్కులు ఉండనిచ్చిన, ఆ పాపం వాళ్లది కాదు. నస్రీన్‌కు ఆ లెక్కకు మొత్తం వేసిన. సిగ్గు అప్పటికీ దిగక, అది సరిపోదనిపించి, పక్క లెక్కల గూడ ఎవరు అడుగకుండనే రెండు మార్కులు ఎక్కువ కలిపిన.

శనివారం పొద్దున మార్కులు పైకి పంపేముందు ఆ పిల్ల పేపరు పట్టుకొని వచ్చింది. "సార్, మూడో లెక్కల యూనిట్లు తప్పు రాసిన. మీరు కోయలే. పైంగ రెండు ఎక్కువ పడ్డయి. తీసేయండి."

"ఉండనియ్యి బిడ్డా, పర్వాలేదు."

"వద్దు సార్."

"గీత దాటినవు. ఇగ జర ఎక్కువుంటే ఏం బాధ?"

"నావి కావు గద సార్."

నేను పెన్ను తీసిన, మూత పెట్టిన, మళ్ల తీసిన. పుట్టి బుద్ధెరిగినకాడికెంచి నన్ను ఎక్కువ ఇయ్యమన్నోళ్లనే చూసిన, ఇచ్చింది గుంజుకొమ్మన్నోళ్లను చూడలే. దీనికి ఎట్ల బేరమాడాల్నో మా దుకాణంల ఎవ్వరు నేర్పలే. బతిమాలిన. బుజ్జగిచ్చిన. అది నిలవడ్డ జాగల నుంచి కదులలే. ఆఖరికి నా నోట్ల నుంచి, నన్ను అడుగకుండనే, ఆ మాట వచ్చేసింది.

"పోనీ, ఒక్కటన్నా ఉంచుకో."

నస్రీన్ మొదటిసారి నవ్వింది. నాకు సావాలనిపించింది. రెండు మార్కులు కొట్టేసి సంతకం పెట్టిన. ఆ పిల్ల తన మార్కులతోనే గీత దాటింది, పెద్ద పరీక్ష రాసింది, చదువు ఒడగొట్టింది.

కనుక చదివే పెద్దలందరి ముంగట ప్రమాణం చేస్తున్న. ఇంకెన్నడు ఒక జవాబును చదవకుండ దానికి ధర కట్ట. ఒప్పును సగానికి అడుగ, తప్పును సగానికి అమ్మ. పలక మీద నిలవడి పాఠం చెప్ప, చెప్పినా నా కంటె బరువు మనిషిని ముందల నడిపియ్య. ఈ ప్రమాణం ఇదే ధర. దీంట్ల జర తగ్గించుకొమ్మని మా ఆవిడ చెప్పినా, యాదగిరి సారు చెప్పినా, అన్నిటికంటె ఎక్కువగ నేను చెప్పినా, వినేది లేదు.